పాఠకుల ప్రశ్నలు: లాక్ వదిలితే చోటు పోతుంది, పట్టుకుంటే అందరూ ఆగుతారు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఫైల్‌సిస్టమ్ కోడ్‌లో పొడవాటి లింక్డ్ లిస్టును (ఒక్కో నోడ్ తన తర్వాతి నోడ్ చిరునామాను దాచుకునే గొలుసును) నడిచేటప్పుడు లాక్‌ను, అంటే ఇతరులు లిస్టును మార్చకుండా ఆపే తాళాన్ని, ఎంతసేపు పట్టుకోవాలి, ఎక్కడ వదలాలి అన్నదే అందరి ప్రశ్న. అడిగినవారంతా లినక్స్ కెర్నల్‌తో పనిచేస్తున్నవారు కాబట్టి జవాబులు కూడా ఆ కోడ్‌నే ఆధారం చేసుకుని ఉన్నాయి.

ప్రశ్న: మా సంస్థ కోసం ఒక ఫైల్‌సిస్టమ్ మాడ్యూల్ రాస్తున్నాను. మెమరీలో ఉన్న ఐనోడ్లన్నింటినీ (ఒక్కో ఫైలు వివరాలుండే రికార్డులను) ఒక లిస్టులో ఉంచి, దానికి ఒక స్పిన్‌లాక్ పెట్టాను. మెమరీ తక్కువైనప్పుడు కెర్నల్ పిలిచే ష్రింకర్ ఫంక్షన్ ఈ లిస్టు మొత్తం నడిచి, ప్రతి ఐనోడ్ దగ్గరున్న ఎక్స్‌టెంట్ కాష్‌ను (ఫైలు భాగాలు డిస్కులో ఎక్కడున్నాయో గుర్తుంచుకునే సమాచారాన్ని) ఖాళీ చేస్తుంది. 60 లక్షల ఫైళ్లున్న సర్వర్ మీద దీన్ని నడిపితే, సీపీయూ 22 సెకన్లుగా ఇరుక్కుపోయిందంటూ సాఫ్ట్ లాకప్ హెచ్చరిక వచ్చింది. అప్పుడు ఒక్కో ఐనోడ్ దగ్గర లాక్ వదిలి మళ్లీ తీసుకునేలా మార్చాను. నడకకు పేరులో “సేఫ్” అని ఉన్న కెర్నల్ మాక్రోనే (సిద్ధంగా ఉన్న లూప్ కోడ్‌నే) వాడాను. హెచ్చరిక పోయింది కానీ రెండు మూడు రోజులకొకసారి కెర్నల్ కూలిపోతోంది. కూలినప్పుడు లాగ్‌లో కనిపించే చిరునామా డి, ఇ, ఎ, డి అక్షరాలతో మొదలై 100తో ముగుస్తోంది. ఎక్కడ పొరపాటు చేశాను?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కూలిపోవడం సంగతి ముందు చూద్దాం. ఆ మాక్రో పేరులోని “సేఫ్” అన్న మాట మీకంటే ముందు చాలామందిని మోసం చేసింది. అది చేసే పని ఒక్కటే: ఇప్పుడున్న నోడ్ మీద మీరు పని మొదలుపెట్టకముందే తర్వాతి నోడ్ చిరునామాను పక్కన రాసిపెట్టుకుంటుంది. అందువల్ల ఇప్పుడున్న నోడ్‌ను మీరే మీ చేత్తో లిస్టు నుంచి తీసేసినా నడక తెగదు. మీరు లాక్ వదిలిన సందులో మరో సీపీయూ వచ్చి, ఆ రాసిపెట్టుకున్న తర్వాతి నోడ్‌నే తీసేస్తే మాత్రం మాక్రోకు ఆ కబురు అందదు. మీ లాగ్‌లోని చిరునామాయే దీనికి సాక్ష్యం. తీసేసిన నోడ్‌లోని “తర్వాత” పాయింటర్‌లో కెర్నల్ కావాలనే పెట్టే విషపు విలువ అది. 64 బిట్ల ఎక్స్86 ప్రాసెసర్ మీద ఎవరైనా ఆ చిరునామాను ముట్టుకుంటే వెంటనే ఫాల్ట్ వస్తుంది. ఒక రకంగా మీరు అదృష్టవంతులు. తీసేసిన నోడ్ తనను తానే చూపుకునేలా చేసే రెండో రకం డిలీట్‌ను మీరు వాడి ఉంటే, నడక ఆ ఒక్క నోడ్ చుట్టూనే తిరుగుతూ లిస్టు తల దగ్గరకు ఎన్నటికీ చేరేది కాదు. లాక్ వదులుతూ తీసుకుంటూ తిరిగే అలాంటి లూప్ లాగ్‌లో ఒక్క అక్షరం కూడా రాయకుండా రోజుల తరబడి నడవగలదు.

ఇక మొదటి సమస్య. లినక్స్‌లో సీపీయూలు ఇరుక్కుపోయాయేమో కనిపెట్టే వాచ్‌డాగ్ గడువు మామూలుగా 10 సెకన్లు. దానికి రెట్టింపు, అంటే 20 సెకన్లపాటు ఒక సీపీయూ మరే పనికీ దారి ఇవ్వకపోతే సాఫ్ట్ లాకప్ హెచ్చరిక వస్తుంది. ఒక్కో ఐనోడ్ దగ్గర కాష్ ఖాళీ చేయడానికి 4 మైక్రోసెకన్లు పట్టిందనుకున్నా 60 లక్షలకు 24 సెకన్లు అవుతుంది, కాబట్టి మీకు వచ్చిన హెచ్చరికలో వింతేమీ లేదు. అసలు ఏ పనీ చేయకుండా ఊరికే నడిచినా, ప్రతి నోడ్ ప్రధాన మెమరీ నుంచి రావాల్సి ఉంటే ఒక్కో అడుగుకు సుమారు 100 నానోసెకన్లు పోతాయి. అంటే ఖాళీ నడకకే అరసెకను దాటుతుంది. ఆ అరసెకను పొడవునా కొత్త ఫైలు సృష్టించాలనుకునే ప్రతి ప్రాసెస్, పాత ఐనోడ్‌ను వదిలించుకోవాలనుకునే ప్రతి ప్రాసెస్ అదే లాక్ దగ్గర నిలబడుతుంది. అది స్పిన్‌లాక్ కాబట్టి ఆ నిలబడటం కూడా నిద్రపోతూ కాదు, సీపీయూను దండగగా తిప్పుతూ. దాన్ని మ్యూటెక్స్‌గా (ఆగేవారు నిద్రపోగలిగే లాక్‌గా) మారిస్తే హెచ్చరికల బాధ తప్పవచ్చేమో కానీ వారి నిరీక్షణ ఒక్క క్షణం కూడా తగ్గదు.

కాబట్టి మధ్యమధ్యలో లాక్ వదలాలన్న మీ ఆలోచన సరైనదే. వదిలి వచ్చాక ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియడమే కష్టం. పుస్తకంలో నెమలీక పెట్టి మూస్తే తిరిగి వచ్చేసరికి పేజీ దొరుకుతుంది, ఆ పేజీనే ఎవరూ చింపుకుపోనంతవరకు. లిస్టులో పేజీ చిరగకుండా కాపాడేది రెఫరెన్స్ లెక్క, అంటే ఆ ఐనోడ్‌ను ఇప్పుడు ఎంతమంది పట్టుకుని ఉన్నారన్న లెక్క. పేజ్ కాష్‌ను (మెమరీలో దాచుకున్న ఫైళ్ల డేటాను) ఖాళీ చేయించే డ్రాప్ కాషెస్ కోడ్‌లో ఈ పద్ధతిని చూడవచ్చు. అది లిస్టు లాక్ కింద ఐనోడ్ లాక్ తీసుకుని, ఐనోడ్ చనిపోయే దశలో లేదని చూసుకుని, రెఫరెన్స్ పెంచి, అప్పుడు రెండు లాక్‌లూ వదిలి, తీరిగ్గా పేజీలను తొలగిస్తుంది. రెఫరెన్స్ ఉన్నంతకాలం ఆ ఐనోడ్ లిస్టులోనే ఉంటుంది కాబట్టి లాక్ మళ్లీ తీసుకున్నాక దాని “తర్వాత” పాయింటర్‌ను అప్పుడే తాజాగా చదువుకోవచ్చు. రెఫరెన్స్‌ను ఎప్పుడు దించాలన్నదే ఇందులోని కీలకం. ఇప్పుడున్న ఐనోడ్‌ను వెంటనే దించితే అది లిస్టు నుంచి మాయమై, మన చోటు పోతుంది. లిస్టు లాక్ పట్టుకుని దించితే, అదే ఆఖరి రెఫరెన్స్ అయినప్పుడు ఐనోడ్‌ను తొలగించే కోడ్ మళ్లీ అదే లాక్ కోసం వచ్చి తనకు తానే అడ్డం పడుతుంది. పైగా ఆ పనిలో నిద్రపోవాల్సి రావచ్చు, స్పిన్‌లాక్ కింద నిద్ర నిషిద్ధం. అందుకే ఆ కోడ్ ఒక అడుగు వెనకబడి నడుస్తుంది: కొత్త ఐనోడ్‌ను పట్టుకుని లాక్ వదిలాకే, వెనకటి ఐనోడ్‌ను దించుతుంది.

ఇదే ఫంక్షన్‌లో 2019లో వచ్చిన ఒక చిన్న సవరణ నాకు చాలా ఇష్టం. పేజీలు లేని ఐనోడ్లను అది మొదటినుంచీ లాక్ వదలకుండానే దాటేసేది. పని లేనప్పుడు లాక్ వదలడం దండగ అనిపించడం సహజమే. అయితే పేజీలు లేని ఐనోడ్లే వరసగా లక్షల్లో తగిలితే లాక్ వదిలే అవకాశమే రాదు, మళ్లీ సాఫ్ట్ లాకప్. అందుకని, సీపీయూను మరొకరికి ఇవ్వాల్సిన సమయం వచ్చి ఉంటే, ఖాళీ ఐనోడ్‌ను కూడా కావాలనే పట్టుకుని, ఆ నెపంతో లాక్ వదిలేలా షరతు మార్చారు.

ఇంత చెప్పి, మీరు మాత్రం ఈ పద్ధతిని అనుకరించవద్దని అంటున్నాను. మీ ఫంక్షన్ మెమరీ కొరత సమయంలో నడుస్తుంది. అప్పుడు మీరు దించే రెఫరెన్సే ఆఖరిదైతే ఐనోడ్ తొలగింపు అక్కడే మొదలవుతుంది. తొలగించాల్సిన ఫైలు అయితే జర్నల్ ట్రాన్సాక్షన్ (డిస్కు మార్పులను ముందుగా చిట్టాలో రాసుకునే పని) కావాలి, దానికి మెమరీ కావాలి. మిమ్మల్ని పిలిచిన ప్రాసెస్ అప్పటికే అదే ఫైల్‌సిస్టమ్‌లో మరో ట్రాన్సాక్షన్ మధ్యలో ఉండవచ్చు. ఈ ముడి విప్పడం ఎవరి తరమూ కాదు.

మీకు సరిపోయే నమూనా లినక్స్ ఫైల్‌సిస్టమ్ అయిన ఎక్స్‌ట్4లో ఉంది, ఆ పని కూడా అచ్చంగా మీదే: ఎక్స్‌టెంట్ స్టేటస్ కాష్‌ను కుదించడం. 3.19 వెర్షన్ నుంచి ఆ ష్రింకర్ తన చోటును గుర్తుపెట్టుకోవడం పూర్తిగా మానేసింది. లిస్టు లాక్ తీసుకుని మొదటి ఐనోడ్‌ను చూస్తుంది, దాన్ని వెంటనే లిస్టు చివరకు జరుపుతుంది, దాని సొంత ఎక్స్‌టెంట్ లాక్ కోసం ఒక్కసారి ప్రయత్నిస్తుంది. దొరికితే లిస్టు లాక్‌ను వదిలేసి ఆ ఒక్క ఐనోడ్‌తో పని చూసుకుంటుంది. తిరిగి వచ్చి లాక్ తీసుకున్నాక మళ్లీ మొదటి నోడ్‌నే అడుగుతుంది. అప్పటికి మొదట ఉన్నది ఎవరైనా సరే, ఈ మధ్యలో ఎవరు వచ్చినా, ఎవరు పోయినా సరే, నడక తప్పదు. అనంతంగా తిరగకుండా, మొదలుపెట్టేటప్పుడు లిస్టులో ఎన్ని ఐనోడ్లున్నాయో ఆ లెక్క తీసుకుని అన్నిసార్లే తిరుగుతుంది. ఐనోడ్ చేతిలో ఉండగా మాయం కాకుండా కాపాడేది ఇక్కడ రెఫరెన్స్ కాదు, దాని ఎక్స్‌టెంట్ లాకే: ఐనోడ్‌ను తొలగించేవారు కూడా ముందు ఆ లాక్ తీసుకుని ఎక్స్‌టెంట్లను ఖాళీ చేయాల్సిందే కాబట్టి, మనం దాన్ని పట్టుకున్నంతసేపూ వారు ఆగుతారు. మీ మాడ్యూల్‌లో కూడా ఈ నియమం నిజంగా అమలవుతోందో లేదో చూసుకున్నాకే దీన్ని తెచ్చుకోండి. అది లేకుండా తిప్పడం ఒక్కటే తెచ్చుకుంటే పాత కథే మొదలవుతుంది.

అదే కోడ్ నుంచి మరొకటి కూడా నేర్చుకోవచ్చు. అక్కడి లిస్టులో అన్ని ఐనోడ్లూ ఉండవు. విడుదల చేయదగ్గ మొదటి ఎక్స్‌టెంట్ చేరినప్పుడు ఐనోడ్ లిస్టులోకి వస్తుంది, ఆఖరిది పోయినప్పుడు బయటికి వెళ్తుంది. సింక్ చేసేటప్పుడు రైట్‌బ్యాక్ (మారిన డేటాను డిస్కుకు రాయడం) కోసం వేచి ఉండే కోడ్‌కు కూడా 4.8 వెర్షన్‌లో ఇదే మార్పు వచ్చింది: అంతకుముందు అది సూపర్‌బ్లాక్‌లోని (అంటే ఆ ఫైల్‌సిస్టమ్ మొత్తంలోని) ఐనోడ్లన్నింటినీ నడిచేది, ఆ తర్వాత రైట్‌బ్యాక్‌లో ఉన్నవాటికి వేరే లిస్టు పెట్టుకుని దాన్నే నడుస్తోంది. మీ 60 లక్షల్లో నిజంగా కాష్ ఉన్నవి ఎన్నో లెక్కపెట్టి చూడండి. నడవనవసరం లేని లిస్టుకు లాక్ గొడవే లేదు.

ప్రశ్న: ఎక్స్‌ట్4 ష్రింకర్ కోడ్ చదువుతుంటే ఐనోడ్ లాక్ కోసం ఆగకుండా “ప్రయత్నించి, దొరక్కపోతే దాటేయడం” కనిపించింది. ఇలా చేస్తే కొన్ని ఐనోడ్ల పని మిగిలిపోదా? ఆగి తీసుకుంటే తప్పేమిటి?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మిగిలిపోతుంది, మిగిలినా ఫరవాలేదు. ఆగితే మాత్రం రెండు సీపీయూలు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ ఉండిపోయే ప్రమాదం ఉంది. మామూలు దారిలో, అంటే ఫైలు రాసేటప్పుడు, ముందు ఐనోడ్ ఎక్స్‌టెంట్ లాక్ తీసుకుంటారు. ఆ ఐనోడ్‌ను లిస్టులో చేర్చాల్సి వస్తే అప్పుడు లిస్టు లాక్ తీసుకుంటారు. ష్రింకర్‌కు ఏ ఐనోడ్ దొరుకుతుందో లిస్టు చూస్తే తప్ప తెలియదు కాబట్టి అది తలకిందులుగా వస్తుంది: ముందు లిస్టు లాక్, తర్వాత ఐనోడ్ లాక్. ఒక సీపీయూ లిస్టు లాక్ పట్టుకుని ఐనోడ్ లాక్ కోసం, ఇంకొకటి ఐనోడ్ లాక్ పట్టుకుని లిస్టు లాక్ కోసం ఆగాయంటే ఇక ఆ రెండూ కదలవు. తలకిందుల వరసలో వచ్చేవారు ఆగకుండా దాటేస్తే ఈ ముడి పడదు.

వీఎఫ్‌ఎస్‌లో (అన్ని ఫైల్‌సిస్టమ్‌లకూ ఉమ్మడిగా ఉండే కెర్నల్ పొరలో) వాడకం లేని ఐనోడ్లను ఏరే కోడ్ కూడా ఇంతే. ఎల్ఆర్‌యు లిస్టు (చాలాకాలంగా వాడనివాటిని ముందు ఏరే లిస్టు) లాక్ కింద ఐనోడ్ లాక్ కోసం ప్రయత్నించి, దొరక్కపోతే దాటేస్తుంది. లాక్ ఎవరి చేతిలోనో ఉందంటే ఆ ఐనోడ్‌ను ఎవరో ఇప్పుడే వాడుతున్నారని అర్థం కాబట్టి, దాన్ని మెమరీ నుంచి పంపేయాలని తొందరపడటంలో కూడా అర్థం లేదు. 3.12 వెర్షన్‌లో ఈ ఎల్ఆర్‌యు లిస్టులను నుమా నోడ్‌కొకటిగా (కొన్ని సీపీయూలు, వాటి దగ్గరి మెమరీ కలిసిన గుంపుకొకటిగా) విడగొట్టి, ఒక్కోదానికి వేరే లాక్ ఇచ్చారు. దాంతో ఒకరినొకరు అడ్డుకోవడం ఇంకా తగ్గింది.

దాటేయడం అన్నిచోట్లా కుదరదు. అన్‌మౌంట్ సమయంలో ఎవరూ పట్టుకోని ఐనోడ్‌ను ఒక్కదాన్ని వదిలేసినా తప్పే. అందుకే అక్కడి కోడ్ నియమం ప్రకారం లాక్‌లు తీసుకుంటూ, తీసేయాల్సిన ఐనోడ్లకు గుర్తు పెట్టి తన సొంత లిస్టులోకి చేరుస్తుంది, లాక్ వదిలాక ఆ సొంత లిస్టును తీరిగ్గా ఖాళీ చేస్తుంది. ఆ లిస్టు మరెవరికీ కనబడదు కాబట్టి దానికి లాకే అక్కరలేదు. మధ్యలో సీపీయూను ఇవ్వాల్సి వస్తే అప్పటివరకు పోగుచేసినవాటిని వదిలించుకుని, నడకను మళ్లీ మొదటినుంచి ప్రారంభిస్తుంది. మొదట ఉన్నవి చాలావరకు వెళ్లిపోయాయి కాబట్టి ఆ పునఃప్రారంభం బరువనిపించదు.

ప్రశ్న: లిస్టును చదివేవారే ఎక్కువ, మార్చేవారు తక్కువ అయినప్పుడు స్పిన్‌లాక్ బదులు రీడర్-రైటర్ లాక్ (చదివేవారిని ఎందరినైనా, మార్చేవారిని ఒక్కరినే రానిచ్చేది) పెడితే సరిపోదా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: చాలాసార్లు సరిపోదు. రీడర్లు ఒకరినొకరు ఆపరు కానీ, ప్రతి రీడర్ లోపలికి వచ్చేటప్పుడు, వెళ్లేటప్పుడు అదే లాక్ పదంలోని లెక్కను మార్చాలి. ఆ లెక్క ఉన్న కాష్ లైన్ (సీపీయూ ఒకేసారి తెచ్చుకునే మెమరీ ముక్క) సీపీయూల మధ్య బంతిలా తిరుగుతూనే ఉంటుంది. లాక్ కింద పని కొంచెమే అయితే ఆ తిరుగుడు ఖర్చే అసలు పనిని మించిపోతుంది. పని ఎక్కువైతేనేమో, సుదీర్ఘంగా నడిచే ఒక్క రీడర్ చాలు, ఫైలు సృష్టించాలనుకునే రైటర్లందరినీ ఆపడానికి. పైన హైదరాబాద్ పాఠకుడి నడకను రీడర్ లాక్ కిందకు మార్చినా ఆయన కష్టాల్లో ఒక్కటి కూడా తీరదు.

ప్రశ్న: ఆర్‌సీయూ (తీసేసిన నోడ్‌ను, దాన్ని చదువుతున్నవారంతా వెళ్లాకే విడుదల చేసే పద్ధతి) వాడితే చదివేవారికి లాకే అక్కరలేదని క్లాసులో చెప్పారు. మరి ఫైల్‌సిస్టమ్ లిస్టులన్నింటినీ ఆర్‌సీయూలోకి ఎందుకు మార్చలేదు?
— ఒక ఎం.టెక్. విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: మార్చదగ్గ చోట మార్చారు, దాని ఫలితం కూడా గొప్పగానే ఉంది. ఆర్‌సీయూ లినక్స్‌లోకి వచ్చింది 2002లో, 2.5.43 వెర్షన్‌తో. ఫైలు పేరును భాగాలుగా విడదీసి ఒక్కో డైరెక్టరీ దాటుకుంటూ వెళ్లే దారిని 2011లో వచ్చిన 2.6.38 వెర్షన్‌లో ఆర్‌సీయూలోకి తెచ్చారు. అంతకుముందు దారిలోని ప్రతి డెంట్రీ (ఒక పేరును దాని ఐనోడ్‌తో కలిపే రికార్డు) దగ్గర లాక్, రెఫరెన్స్ లెక్క మార్చాల్సి వచ్చేది. రూట్ డైరెక్టరీ లాంటి అందరూ దాటే డెంట్రీ దగ్గర ఆ భారం ఎంతటిదో మీరే ఊహించుకోవచ్చు. ఇప్పుడు కాష్‌లో ఉన్న దారిలో ఏ డెంట్రీలోనూ ఏమీ రాయకుండా, సీక్వెన్స్ అంకె (డెంట్రీ మారినప్పుడల్లా పెరిగే అంకె) మారలేదని మాత్రం చూసుకుంటూ నడుస్తారు. మారిందని తెలిస్తే పాత పద్ధతికి తిరిగి వెళ్తారు.

అది కుదరడానికి కారణం, అక్కడ నోడ్ దగ్గర చేసే పని పేరు సరిపోల్చడమే కావడం. మామూలు ఆర్‌సీయూ రీడర్ నిద్రపోకూడదు. ప్రతి ఐనోడ్ దగ్గర డిస్కు కోసమో, పేజీ లాక్ కోసమో ఆగాల్సిన నడకకు ఆర్‌సీయూ పెట్టినా, పని చేయబోయే ప్రతిసారీ రెఫరెన్స్ పట్టుకుని ఆర్‌సీయూ గడప దాటి బయటికి రావాల్సిందే. తిరిగి లోపలికి వచ్చేసరికి నా చోటు ఎక్కడ అన్న ప్రశ్న మళ్లీ ఎదురవుతుంది.

పరీక్షల్లో ఎవరూ అడగని మరో చిక్కు, నోడ్‌ను తీసేయడానికి, జరపడానికి మధ్య తేడా. ఆర్‌సీయూ పద్ధతిలో తీసేసిన నోడ్ తన “తర్వాత” పాయింటర్‌ను చెరపకుండా ఉంచుకుంటుంది కాబట్టి దాని మీద నిలబడి ఉన్న రీడర్ ముందుకు సాగిపోగలడు. ఆ నోడ్‌ను అప్పటికప్పుడు వేరే లిస్టులోకి జరిపితే మాత్రం రీడర్ తనకు తెలియకుండానే ఆ కొత్త లిస్టులోకి దారి తప్పుతాడు, తన లిస్టు తల కోసం అక్కడ ఎంత వెతికినా కనబడదు. హ్యాష్ గొలుసుల కోసం కెర్నల్‌లో ఉన్న “నల్స్” రకం లిస్టు ఈ చిక్కు కోసమే: గొలుసు చివర మామూలు శూన్యానికి బదులు అది ఏ గొలుసో చెప్పే అంకె ఉంటుంది, మొదలుపెట్టిన గొలుసు అంకె కాకుండా వేరేది కనబడితే రీడర్ మళ్లీ మొదటినుంచి వెతుకుతాడు. ఎక్స్‌ట్4 ష్రింకర్ లాగా క్షణక్షణానికి నోడ్లను తోకకు జరిపే లిస్టుకు ఆర్‌సీయూ ఎందుకు నప్పదో దీన్నిబట్టి మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మా ఫైల్‌సిస్టమ్ నెమ్మదించడానికి లిస్టు లాకే కారణమని బృందంలో ఒకరు, డిస్కని మరొకరు వాదించుకుంటున్నారు. తేల్చేదెలా?
— ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: వాదన ఆపి కొలవండి. ముందుగా ప్రాక్ ఫైల్‌సిస్టమ్‌లో (కెర్నల్ తన వివరాలను ఫైళ్లుగా చూపే చోట) సిస్ కింది ఎఫ్ఎస్ విభాగంలో ఉన్న ఐనోడ్-ఎన్ఆర్ ఫైలు చూస్తే మొత్తం ఎన్ని ఐనోడ్లు మెమరీలో ఉన్నాయో తెలుస్తుంది. అది వేలల్లోనే ఉంటే లిస్టు నడకను అనుమానించనక్కరలేదు. లక్షల్లో ఉంటే, నెమ్మదించిన సమయంలో పర్ఫ్ టాప్ (సీపీయూ సమయం ఏ ఫంక్షన్లలో పోతోందో చూపే సాధనం) నడపండి. పై వరసల్లో స్పిన్‌లాక్ స్లోపాత్ అన్న మాటలున్న ఫంక్షన్ కనబడితే లాక్ దగ్గర గుంపు ఉన్నట్టే. ఏ లాకో, ఎవరు ఆగుతున్నారో తెలుసుకోవడానికి పర్ఫ్ లాక్ కంటెన్షన్ ఆదేశం ఉంది. దానికి కావాల్సిన ట్రేస్‌పాయింట్లు (జరిగినదాన్ని నమోదు చేయడానికి కోడ్‌లో పెట్టిన గుర్తులు) 5.19 వెర్షన్ నుంచి మామూలు కెర్నల్‌లోనే ఉన్నాయి కాబట్టి కెర్నల్‌ను మళ్లీ బిల్డ్ చేయనవసరం లేదు.

ఇంకా లోతుకు వెళ్లాలంటే లాక్ స్టాట్ (లాక్‌ల గణాంకాలు నమోదు చేసే) ఎంపికతో కెర్నల్ బిల్డ్ చేసుకోవాలి. అందులో అందరూ ముందుగా నిరీక్షణ సమయాల వరస చూస్తారు. నేను లాక్‌ను పట్టుకుని ఉన్న అత్యధిక సమయాన్ని, అంటే హోల్డ్‌టైమ్-మ్యాక్స్ వరసను, ముందు చూడమంటాను. నిరీక్షణ ఆ రోజు ఎంతమంది వచ్చారన్నదాన్ని బట్టి మారుతుంది, పట్టుకుని ఉన్న సమయం మాత్రం మీ కోడ్ చేసిన పనినే చెబుతుంది. ఆ వరస మైక్రోసెకన్లలో ఉంటుంది. లిస్టు లాక్‌కు అక్కడ లక్షల అంకె కనబడిందంటే ఎవరో లిస్టు మొత్తాన్ని ఒకే పట్టున నడుస్తున్నారు. పరీక్ష యంత్రంలో తగినంత మెమరీ ఉంచండి: ఎక్స్‌ట్4 ఐనోడ్ ఒక్కొక్కటి సుమారు ఒక కిలోబైటు, కాబట్టి 60 లక్షల ఐనోడ్లను కాష్‌లో నిలపాలంటే వాటికే 6 గిగాబైట్ల దాకా కావాలి. వేయి ఫైళ్లతో పరీక్షించి బాగానే ఉందనుకోవడం వల్లనే ఈ జాతి తప్పులు వినియోగదారుల సర్వర్ల దాకా వెళ్తున్నాయి. లాక్ స్టాట్ తానే ప్రతి లాక్ మీద కొంత భారం వేస్తుంది కాబట్టి, దానిలోని అంకెలను మార్పుకు ముందు, మార్పు తర్వాత పోల్చుకోవడానికే వాడండి, అసలు సర్వర్‌లో వచ్చిన అంకెలతో పక్కపక్కన పెట్టవద్దు.